తొలి రైలునాటి ఛాయాపటములు: హిందూపురము, పెనుగొండ, ధర్మవరము

ఒక సీమచరిత్రను వ్రాయబూనువారికి శిలాశాసనములును, తామ్రపత్రములును, నాణెములును, కైఫీయతులును ఆధారములని పండితు లెఱుగుదురు. పందొమ్మిదవ శతాబ్దిలో వీని సరసకు మఱియొక సాధనము వచ్చి చేరెను. అది ఛాయాపటము. శాసనము పేరును చెప్పును గాని ముఖమును చూపదు. ఛాయాపటము ముఖమును చూపును గాని పేరును చెప్పదు. ఈ రెంటికిని నడుమ నున్న యెడమును పూడ్చనిచో పటములోని మనుష్యుడు చరిత్రలోనికి రాడు. చూచువారికి క్షణకాలము వేడుక గూర్చి మఱుగైపోవును.

ఈ విషయము తేటపడవలెనన్న హిందూపురము, పెనుగొండ, ధర్మవరము అను మూడూళ్లను పరికింపదగును. ఇవి తొలుత బళ్లారిమండలమునను, 1882 మొదలు అనంతపురమండలమునను, 2022 మొదలు శ్రీ సత్యసాయి జిల్లాయందును చేరినవి. ఒకే యినుపదారి యీ మూటిని పూసలవలె గ్రుచ్చినది. అయినను ఛాయాపటముల విషయమున వీని భాగ్యము లొక్కరీతివి కావు. రాజధానియై యుండి పాడుపడిన యూరికి ఱాళ్ల పటములు మిక్కిలిగా దక్కినవి. బేరసారములచేత క్రొత్తగా పెంపొందిన యూళ్లకు మనుష్యుల పటములు దక్కినవి. మొదటివి ప్రభుత్వపు భాండాగారములకు చేరినవి. రెండవవి యిండ్ల గోడలమీదను, చెక్కపెట్టెల యడుగునను నిలిచినవి. మొదటివానికి వివరణము కలదు. రెండవవానికి సామాన్యముగా లేదు. ఈ భేదమునకు కారణ మేమి, దానిని తీర్చు నుపాయ మేమి యనునవి యిచ్చట విచార్యములు.

మూటిలో ప్రాచీనవైభవము పెనుగొండది. సంస్కృతగ్రంథములు దీనిని ఘనగిరి యనును. కోట యుత్తరద్వారమునందలి శాసనమువలన 1354 నాటికి బుక్కరాయల కుమారుడు విరుపణ్ణ యొడయ డిచ్చట నధికారము నెఱపుచుండె నని తెలియుచున్నది. 1565 లో రక్కసి తంగడి యుద్ధమున విద్యానగరము భగ్నము కాగా, తిరుమలరాయలు కర్ణాటసామ్రాజ్యలక్ష్మిని ఈ దుర్గమునకు తెచ్చెను. వేంకటపతిరాయల కాలమున రాజపీఠము చంద్రగిరికి తరలెను. అటుపిమ్మట పెనుగొండ బీజాపురమువారికిని, మహారాష్ట్రులకును, హైదరు టిప్పులకును చేతులు మాఱి, 1800 లో నిజాము దత్తము చేసిన మండలములతో గూడ ఇంగ్లీషు కంపెనీవారి వశమయ్యెను. గగనమహలు, ప్రక్కప్రక్కల నిలిచిన రామాలయ శివాలయములు, పార్శ్వనాథుని బసది, బాబయ్య దర్గా పూర్వవైభవమునకు నేటికిని సాక్ష్య మిచ్చుచున్నవి.

ధర్మవరము చిత్రావతీతీరమున నున్నది. క్రియాశక్తి యొడయలు చెఱువును కట్టించి, తన తల్లియైన ధర్మాంబ పేర నూరిని వెలయించె నని ప్రతీతి. మగ్గమును పట్టును దీనికి ప్రాణము. హిందూపురమును గుత్తి మురారిరావు తన తండ్రి హిందూరావు పేర నిర్మించె నని ప్రసిద్ధి. ఇది మైసూరు సరిహద్దున నుండుటచే బెల్లము, చింతపండు, ధాన్యము, బట్టలు మున్నగువాని బేరమునకు కూడలి యయ్యెను. రైలు రాకమునుపు ఈ సరకులన్నియు ఎడ్లబండ్లమీదను, పెరికెద్దులమీదను సాగినవి.

రైలుదారి యీ సీమకు వచ్చుటకు ముఖ్యహేతువు కఱవు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామమున బళ్లారి, కర్నూలు, కడప మండలములు మిక్కిలి నష్టపడినవి. మదరాసు రైల్వేవారి వాయవ్యశాఖ గుత్తి మీదుగా రాయచూరువఱకు 1871 నాటికే పూర్తియైనను, ఆ దారికి దూరముగా నున్న గ్రామములకు ధాన్యమును చేర్చుట దుర్ఘట మయ్యెను. బండ్లు లాగవలసిన యెడ్లే మేతలేక చచ్చినవి. 1880 నాటి క్షామవిచారణసంఘము కఱవుల నెదుర్కొనుటకు రక్షణార్థమైన రైలుదారులు వలయు నని నివేదించెను. 1882 లో దక్షిణ మహారాష్ట్ర రైల్వే కంపెనీ యేర్పడెను. గుంతకల్లు నుండి మైసూరు సరిహద్దువఱకు వేసిన మీటరుగేజి దారి 1892–93 సంవత్సరములలో తెఱవబడెను. అదే ధర్మవరమును, పెనుగొండను, హిందూపురమును కలుపుచు బెంగుళూరి దారితో కూడుకొన్నది. ఆ కాలముననే విల్లుపురము, కాట్పాడి, పాకాలల మీదుగా దక్షిణహిందూదేశపు రైల్వేవారి దారి వచ్చి ధర్మవరమున దానిని కలిసెను. ఇట్లు నేతగాండ్ర యూరు రెండు కంపెనీల దారులకు సంధిస్థాన మయ్యెను.

ఇక ఛాయాపటముల సంగతి. మదరాసున ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1856 లో ఏర్పడెను. చిత్రకళాశాలను స్థాపించిన వైద్యుడు అలెగ్జాండరు హంటరు దానికి మూలపురుషుడు. ఆ యేడే లిన్నియసు ట్రైపు మదరాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడుగా నియమింపబడెను. ఆ యేడే కర్నలు గ్రీన్‌లా యనువాడు మైనము పట్టించిన కాగితముమీద హంపీ శిథిలముల పటములను తీసెను. 1867–68 లో ఎడ్మండు డేవిడ్ లయను మదరాసు ప్రభుత్వముకొఱకు దక్షిణదేశాలయముల పటములను తీసినప్పుడు హంపీయు, తాడిపత్రియు వానిలో చేరినవి. వీరందఱికి పనిపెట్టినది పురావస్తుజిజ్ఞాస. కనుక గోపురము, మండపము, స్తంభము వారి కన్నులకు విషయములు. పటములలో నక్కడక్కడ నొక మనుష్యుడు స్తంభమున కానుకొని నిలిచి కానవచ్చునేని, ఆతడు స్తంభ మెంత యెత్తో చెప్పుటకు నిలిపిన కొలబద్ద మాత్రమే. ఆతని పేరు నడుగవలె నని తోచినవా రరుదు.

ఇందులకు యంత్రమునందలి యిబ్బందియు కొంత కారణము. 1851 లో ఆర్చరు కనిపెట్టిన తడిపలక పద్ధతిలో గాజుపలకమీద కలోడియను పూసి, వెండిలవణపు నీట ముంచి, తడి యాఱకమునుపే పటము తీసి, అప్పటికప్పుడే చీకటిగుడారములో కడుగవలెను. దక్షిణదేశపు టెండలో ఆ తడి నిమిషములలో నాఱిపోవును. గుడారము, సీసాలు, గాజుపలకలు మోయుటకు బండ్లును కూలీలును కావలెను. ఇంత వ్యయమునకు ప్రభుత్వమో, సంపన్నులో తప్ప వేఱొక రోర్వజాలరు. చిన్న యూరి వర్తకుడును, బడిపంతులును పటము తీయించుకొనుట ఆనాటికి ఊహకందని మాట.

ఆ మహాక్షామమున మాత్రము సామాన్యుల ముఖములు గాజుపలకల కెక్కినవి. సైనికోద్యోగి విల్లోబీ వాలెసు హూపరు మదరాసు రాజధానిలో కఱవుచేత శల్యావశిష్టులైన వారి పటములను తీసెను. అవి విదేశములలో ప్రచారమందినవి. వానిని చూచి జాలిపడినవారును కలరు. ఆకొన్నవారిని వరుసగా కూర్చుండబెట్టి పటము తీయుట తగునా యని తప్పుపట్టినవారును కలరు. ఆ పటములలో ముఖములు కలవు, ఎముకలు లెక్కింపవచ్చును, కాని పేర్లు లేవు. ఈ సీమ నెండబెట్టిన క్షామమునకు ముఖ్యసాక్షులైనవారు పేరులేని సాక్షులుగా నిలిచిపోయిరి.

ఈ స్థితిని మార్చినది పొడిపలక. 1871 లో మ్యాడాక్సు యనువాడు జెలాటిను పూతతో పొడిపలకను చేయు మార్గమును ప్రకటించెను. కొన్నియేండ్లకు అట్టి పలకలు కర్మాగారములలో తయారై సంతసరకైనవి. పెట్టెలో పెట్టి ఎంతదూరమైనను పంపవచ్చును. తీసిన పటమును తీఱికగా కడిగికొనవచ్చును. 1888 లో ఈస్టుమను కోడక్కు పెట్టె నమ్మకమునకు వచ్చెను. ఇక తారీఖులను సరిపోల్చి చూడవలెను. పొడిపలక చౌకబడిన పదేండ్లకే, అనగా 1892–93 లో, హిందూపురమునకు రైలు వచ్చినది. పలకల పెట్టెలును, మందు సీసాలును, వానిని వాడ నేర్చిన మనుష్యుడును ఒకే బండిలో బెంగుళూరు నుండియో మదరాసు నుండియో దిగుటకు వీలైనది. కావున ఈ యూళ్లలో తొలి రైలుబండి కాలమును, తొలి కుటుంబపటముల కాలమును ఇంచుమించుగ నొక్కటియే యగుటలో వింత లేదు. రైలుదారి పట్టణమునకు జనమును తెచ్చెను. ఛాయాపేటిక ఆ జనమునకు రూపము నిలిపెను.

ఆనాటి మనుష్యులు కెమెరా ముందఱ నిలుచుటకు వెఱచుటయు కలదు. పటము తీయించుకొన్న ఆయువు తఱుగు నను నమ్మకము దక్షిణదేశమంతట వ్యాపించి యుండెను. అందుచేత వృద్ధుల పటములు దొరకుట కష్టము. ఆఱోగ్యముగా నున్నప్పు డొల్లనివారి రూపమును మరణానంతరమే తీయించి, పూలదండ వేసి, గోడకు వ్రేలాడదీసిన కుటుంబములును కలవు. స్త్రీల పటములు మఱియు తక్కువ. ఉన్నవానియందును వారి పేర్లు ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి యని మాత్రమే మిగులుట సామాన్యము.

రైలునాటి సమూహపటము నొక శాసనమువలెనే చదువవలెను. శాసనమున ముందు రాజవంశమును, పిదప దాతను, పిదప దానవివరమును, కడపట సాక్షులను చెప్పు క్రమ మున్నట్లు, సమూహపటమునను ఒక క్రమ మున్నది. నడుమ కుర్చీ యధికారిది. దానికి కుడియెడమలనున్న కుర్చీలు పదవినిబట్టి దూరమగుచుండును. వెనుక నిలిచిన వరుస చిన్నయుద్యోగులది. నేలమీది జంపఖానా పిల్లలది. కొనలయందు, కొంత యెడముగా, చేతులు కట్టుకొనియో కఱ్ఱ పట్టుకొనియో నిలిచినవారు బంట్రోతులు, కావలివారు. పటము క్రింద పేర్లు ముద్రించిన చోటులయందును ఆ కొనవారి పేర్లు తఱచు కానరావు. బడిపటములలో ప్రధానోపాధ్యాయునికి నడుమను, ఇంగ్లీషు బోధకులకు ఆతని యిరుప్రక్కలను, భాషాపండితునికి వరుసకొనయందును చోటు కల్పించుటయు కలదు. ఆ చోటు చూచినంతమాత్రమున ఆనాటి పాఠశాలలో దేశభాషకు గల గౌరవ మెంతయో తెలియును. ఇట్టి సంగతి ఏ విద్యాశాఖానివేదికయందును వ్రాయబడదు.

పటము కాలమును నిర్ణయించుటకు రైలు గుర్తులు మిక్కిలి తోడ్పడును. స్టేషను సిబ్బంది టోపీబిళ్లలమీదను, బండిపెట్టెల ప్రక్కలను, నిప్పుబొక్కెనలమీదను కంపెనీ పేరుయొక్క పొడియక్షరములు కానవచ్చినయెడల వానిని శ్రద్ధతో చదువవలెను. దక్షిణ మహారాష్ట్ర కంపెనీ పేరు మాత్రమే యున్నచో ఆ వస్తువు 1908 కి పూర్వపుది. ఆ సంవత్సరమున అది మదరాసు రైల్వేతో కలిసి మదరాసు–దక్షిణ మహారాష్ట్ర రైల్వే యయ్యెను. 1944 లో దానిని ప్రభుత్వము స్వాధీనపఱచుకొన్నది. 1951 ఏప్రిలు 14 వ తేదిని దక్షిణ రైల్వే యేర్పడెను. ధర్మవరమున తొలినాళ్ల దక్షిణహిందూదేశపు రైల్వే గుర్తులును కలియుటచే మఱింత జాగరూకత వలయును. పట్టాల నడిమి యెడము మీటరు ప్రమాణమున నున్నదా, ఐదడుగుల యాఱంగుళముల ప్రమాణమున నున్నదా యని చూచుటయు నొక సాధనము. గుంతకల్లు–బెంగుళూరు దారి 1980 తరువాతి దశాబ్దమునను, పాకాల–ధర్మవరము దారి 2010 నాటికిని బ్రాడుగేజి కాగా, అంతకుముందటి పటములలో మీటరుగేజి పట్టాలే యుండును.

కాని ఇట్టి గుర్తులు ఒకవైపు హద్దునే నిర్ణయించునని మఱువరాదు. పాతకంపెనీ బొక్కెన క్రొత్తకంపెనీ కాలమునను గోడకు వ్రేలాడుచునే యుండును. అచ్చుబడిన సంవత్సరము పటము తీసిన సంవత్సరము కానక్కఱలేదు. ఒకే పలకనుండి ముప్పదియేండ్ల తరువాతను ప్రతి తీయవచ్చును. పలకను తిరగవేసి అచ్చొత్తినచో కుడి యెడమయగును. అక్షరములు తలక్రిందు కాకున్నను అద్దములోవలె తాఱుమాఱగును. స్టూడియోలో వెనుక వ్రేలాడు మేడయు, తోటయు, సరస్సును గుడ్డమీది రంగులే గాని ఆ గృహస్థుని సంపద కాదు. తొడిగిన కోటును ఛాయాచిత్రకారుడే యెరువిచ్చి యుండవచ్చును. శాసనములందు కూటశాసనము లున్నట్లే పటములందును కూటసాక్ష్యము కలదు.

రైలు తెచ్చిన మఱియొక విశేషము నాటకము. ఆంధ్రనాటకపితామహుడని ప్రసిద్ధికెక్కిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) జన్మస్థలము ధర్మవరమే. ఆయన బళ్లారిలో న్యాయవాదియై, సరసవినోదినీసభను స్థాపించి, చిత్రనళీయము, విషాదసారంగధరము మున్నగు నాటకములను రచించి యాడించెను. ఆయనకు దీటైన కోలాచలము శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమసభను నడపెను. తాడిపత్రిలో జన్మించిన బళ్లారి రాఘవ (1880–1946) ఆ సంప్రదాయమును దేశదేశములకు చేర్చెను. తెరలు, కిరీటములు, హార్మోనియములు మోసికొని నాటకసమాజములు ఊరూర తిరుగుటకు రైలే యాధారము. వేషముతో పటము తీయించుకొనుట నటులలో వాడుక. అట్టి పటములను చూచినప్పుడు నళుడెవరో, సారంగధరుడెవరో చెప్పుట సులభము. ఆ నళుని వేషము వేసిన గుమాస్తా యెవరో చెప్పుట దుష్కరము. పాత్ర పేరు నిలిచి పాత్రధారి పేరు పోవుట నాటకపటముల కున్న దౌర్భాగ్యము.

ప్రజాజీవనమున ప్రసిద్ధులైనవారి కీ కొఱత లేదు. హిందూపురప్రాంతమున కల్లూరున పుట్టిన కల్లూరు సుబ్బారావు (1897–1972) స్వాతంత్ర్యోద్యమమున చెఱసాల కేగి, పిదప రాజ్యాంగపరిషత్తునందు సభ్యుడై కూర్చుండెను. అట్టివారి రూపము పత్రికలచేతను, సభాపటములచేతను నిలిచినది. పేరును దానితోనే నిలిచినది. హిందూపుర పురపాలకసంఘము 1920 లో ఏర్పడిన పిమ్మట అట్టి సభలకు ఊరిలోనే యొక వేదిక దొరకెను. కాని ఒక్కనాయకుని చుట్టు నిలిచిన నలువదిమందిలో తక్కిన ముప్పదితొమ్మండుగుర మాట యేమి? ఉద్యమము వారివలననే నడచినది.

ఇట్లు పేరులేని ముఖములనుగూర్చి చెప్పుచున్నప్పుడు ముఖములేని పేరొకటి స్మరణీయము. అది ఇదే రైలుదారి యుత్తరపుగొనకు సంబంధించినది. 1893 అక్టోబరు 4 వ తేదిని, అనగా ఈ దారి తెఱచిన కొలదికాలమునకే, గుంతకల్లు కడ కొందఱు తెల్లసైనికులు ఇద్దఱు స్త్రీలను తఱుమగా, వారు రైలుగేటు కావలివాని గుడిసెకు పరుగెత్తిరి. ఆ కావలివాడు గూళపాళెము హంపన్న. ఆతడు వారికి శరణిచ్చి సైనికులకు అడ్డుపడెను. ఒక సైనికుడు తుపాకి పేల్చగా హంపన్న మఱునాడు ప్రాణములు విడిచెను. నిందితుడు మదరాసు న్యాయస్థానమున విడుదలయయ్యెను. గుత్తి కేశవపిళ్లె (1860–1933) ఈ యన్యాయమును దేశమునకు వెల్లడించుటకు పాటుపడినవారిలో ముఖ్యుడు. యూరోపియనులును దేశీయులును చందాలు వేసికొని గుత్తిలో ఒక శిలను నిలిపి, హంపన్న చేసిన పనిని దానిపై చెక్కించిరి.

ఆ ఱాయి లేనిచో హంపన్న పేరు న్యాయస్థానపు కాగితములలో మఱుగుపడి యుండును. రైల్వే కంపెనీల సమూహపటములలో కొనను నిలిచిన ముఖములను చూచునప్పుడు ఆ శిల గుర్తుకు రావలెను. గేటు తెఱచి మూసినవాడు, పట్టాల వెంట సుత్తి పట్టుకొని నడచినవాడు, దీపము చూపినవాడు, బొగ్గెత్తినవాడు, మూట మోసినవాడు పట్టణమును కట్టినవారే. వారిలో నొక్కడు ప్రాణము నిచ్చినందున పేరు సంపాదించెను. ప్రాణ మిచ్చిననే గాని పేరు నిలువదన్నచో అది చరిత్రవిద్యకు గౌరవము కాదు.

రూపమునకు పేరు తోడు కావలెనను భావము దక్షిణదేశమునకు క్రొత్తది కాదు. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలును, దేవేరులగు తిరుమలదేవి చిన్నాదేవులును చేతులు మోడ్చి నిలిచిన లోహమూర్తులు కలవు. వాని భుజములపై వారివారి పేర్లు చెక్కబడి యున్నవి. నాలుగైదువందల యేండ్లు గడచినను ఆ మూర్తులెవరివను సందేహము పుట్టకుండుటకు ఆ కొలది యక్షరములే కారణము. వారు రాజులగుటచే ఆ యక్షరములు లేకున్నను ఎట్లో యూహింపవచ్చు నని కొందఱందురేమో. కాని ఊహకును ఆధారమునకును గల తారతమ్యము పండితులకు చెప్పనక్కఱలేదు.

దీనికి భిన్నమైన నిదర్శనము హిందూపురమునకు చేరువనే కలదు. లేపాక్షి వీరభద్రాలయమును అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరుపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు అభివృద్ధి చేసిరి. ఈ విరుపణ్ణ పెనుగొండశాసనమునందలి బుక్కరాయల కుమారునికంటె వేఱు. ఆలయపు కప్పుమీది వర్ణచిత్రములలో పరివారముతో గూడి ప్రసాదము స్వీకరించుచున్న ఇద్దఱు దాతలు కానవచ్చుదురు. వారే ఆ సోదరులని సంప్రదాయము చెప్పుచున్నది. విమర్శకులును దాని నంగీకరించిరి. కాని వారి వెనుక నిలిచిన పరివారమున ఒక్కొక్కరి కుల్లాయి, ఒక్కొక్కరి యుత్తరీయము, చీరయంచు అన్నియు స్పష్టములు. వారి పేర్లు మాత్రము తెలియవు. ఆ చీరయంచులను చూచి నేటి ధర్మవరపు నేతగాండ్రకును ఆనాటి నేతకును పోలికలు వెదకువారు కలరు. వస్త్రము వంశమును చెప్పుచుండ, కట్టినవారు వంశము కోల్పోయిరి.

మూడు నిదర్శనములను సరిపోల్చిన తత్త్వము స్పష్టమగును. తిరుమల లోహమూర్తులలో ముఖమును పేరును రెండును గలవు. అందుచేత అవి పూర్ణసాక్ష్యము. లేపాక్షి పరివారమున ముఖము కలదు, పేరు లేదు. గుత్తి శిలపై పేరు కలదు, ముఖము లేదు. రైలునాటి కుటుంబపటములు నేడు లేపాక్షి పరివారముయొక్క స్థితిలో నున్నవి. అయితే ఒక్క భేదము. లేపాక్షివారి పేర్లను చెప్పగలవారెవరును లేరు. కుటుంబపటములలోనివారి పేర్లను చెప్పగలవారు ఇప్పటికి కొందఱు మిగిలి యున్నారు. 1930 నాటి పటమున జంపఖానాపై కూర్చున్న అయిదేండ్ల బిడ్డ నేడు జీవించియున్నచో వయస్సు తొంబది దాటి యుండును. ఆ బిడ్డకు తన వెనుక కుర్చీలో కూర్చున్న తాత పేరు తెలియును. ఆ తాత వెనుక నిలిచిన బంట్రోతు పేరును తెలిసియుండవచ్చును. ఆ స్మృతి పోయిన పిమ్మట పటము మిగిలినను ప్రయోజనము సగమే.

పటము మిగులుటయు నిశ్చయము కాదు. గ్రుడ్డుతెలుపు పూసిన పాతకాగితము పసుపువన్నె కెక్కును. వెండిపూత గాలి తగిలి అద్దమువలె మెఱయుచు రూపమును మ్రింగును. తడి బూజును, పిండిజిగురు చెదను పిలుచును. పేరు వ్రాయదలచినవారు సిరాతో ముఖముమీద వ్రాయరాదు. సిరా కాగితమునుండి ముందువైపునకు దిగును. మెత్తని సీసపుకలముతో వెనుక అంచున వ్రాయవలెను. జిగురుతో అట్టకు అంటించుటయు, అద్దమునకు పటమును తాకించి బిగించుటయు హానికరములు. నేటి యంత్రములతో నొక పటమునకు వేయినకళ్లు తీయుట క్షణకాలపు పని. కాని నకళ్లు వేయియైనను పేరొక్కటియు పెరుగదు. పేరులేని పటము వేయి చేతులకు పోయి, తుదకు ఏ యూరిదో తెలియని బొమ్మ యగును. ఒక యూరి స్టేషను మఱియొక యూరిదని చెప్పబడును.

కావున చేయదగిన పని పెద్దదికాదు, చిన్నదే. కాని త్వరగా చేయవలసినది. పటమును కన్నవారు కుడినుండి యెడమకు, వరుసవెంట వరుసగా పేర్లను వ్రాసికొనవలెను. పేరుతోబాటు వృత్తియు, స్వగ్రామమును, చుట్టఱికమును గుర్తింపవలెను. పేరు చెప్పినవా రెవరు, ఏనాడు చెప్పిరి అనునదియు చేర్పవలెను. సాక్షి లేని శాసనమునకు విలువ తక్కువగదా. నిశ్చయము కాని పేరును సందేహార్థకముగనే యుంచవలెను. కొనను నిలిచిన బంట్రోతును మొదట నడుగవలెను, నడుమ కూర్చున్న యధికారిని పిదప నడుగవలెను. అధికారి పేరు ఎట్లును వేఱొకచోట దొరకును. ఇది మహాపండితులు మాత్రమే చేయదగిన పనియు కాదు. ప్రతిపాఠశాలయందును తెలుగుపండితుడు తన విద్యార్థులచేత వారివారి యింటి గోడలమీది పటములకు వివరణము వ్రాయించినచో, అదియే వ్యాసరచనాభ్యాసమును, చరిత్రాభ్యాసమును అగును.

కావలి వేంకటబొఱ్ఱయ్యయు, అతని సోదరులును కర్నలు మెకంజీకొఱకు ఊరూర తిరిగి కరణములనడిగి కైఫీయతులు వ్రాయించుటచేతనే దత్తమండలముల గ్రామచరిత్ర మనకు దక్కినది. వారు రెండువందలయేండ్ల క్రిందట ఆ పనిని మానియుండినచో నేడు శాసనములు మాత్రమే మిగిలి, వానిని గూర్చి ఊరివారు చెప్పుకొన్న మాట లన్నియు నశించియుండును. రైలునాటి పటములకును అట్టి కైఫీయతులు వ్రాయవలసిన కాలము వచ్చినది. పెనుగొండ ఱాళ్లకు ఏనాడో చరిత్రకారులు దొరకిరి. హిందూపురపు వర్తకునికిని, ధర్మవరపు నేతగానికిని, వారిద్దఱి సరకును బండి కెక్కించిన కూలివానికిని ఇంక దొరకవలసి యున్నది.